చుక్క ఆరిపోతూ పూసే పువ్వు

వైశాఖ మాసం. రాత్రి పదకొండు. పామర్రులో డాబా మీద మంచం వాల్చుకుని ఈశాన్యం వైపు చూడండి. నీలి ఛాయతో తెల్లగా మెరుస్తూ ఓ పెద్ద చుక్క కనిపిస్తుంది. అదే అభిజిత్తు. దాని పక్కనే, మామూలు కంటికి అందని ఓ చిన్న ఉంగరం ఉంది. ఓ మోస్తరు టెలిస్కోపు పెడితే పొగతో చేసిన గాజులా కనబడుతుంది. అది రెండువేల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్న 'రింగ్ నెబ్యులా'. ఓ నక్షత్రం చివరి ఊపిరి!

ఇలాంటివాటినే గ్రహ నీహారికలు అంటారు. నిజానికి వీటికీ గ్రహాలకూ ఏ సంబంధమూ లేదు. 1780ల్లో విలియం హెర్షెల్‌కు తన టెలిస్కోపులో ఇవి గుండ్రంగా, గ్రహాల్లా కనిపించాయి. ఆయన పెట్టిన పేరే నిలిచిపోయింది.

లాకులెత్తినట్టు...

సూర్యుడిలాంటి తారలో ఇంధనం అయిపోవస్తే అది ఉబ్బి ఎర్రగా మారుతుంది. పైపొరలు మెల్లగా ఊడి అంతరిక్షంలోకి పోతాయి. లోపలి వేడి గుండెకాయ బయటపడ్డాక అక్కణ్ణుంచి మహావేగంగా గాలి వీస్తుంది. కాలువ లాకులెత్తితే వెనకొచ్చే నీళ్ళు ముందున్నవాటిని నెట్టుకుపోయినట్టు, ఈ గాలి పాత వాయువును నెట్టి గట్టులా పేరుస్తుంది. తార వెదజల్లే అతినీలలోహిత కిరణాలు తగిలి ఆ వాయువు ట్యూబులైటులా వెలుగుతుంది. పదీ ఇరవైవేల ఏళ్ళలో అది చెదిరిపోతుంది. మధ్యలో భూమంత సైజులో 'శ్వేత కుబ్జం' మిగులుతుంది.

మరి కొన్ని ఉంగరాల్లా, కొన్ని సీతాకోకచిలుకల్లా ఎందుకుంటాయి? చాలాచోట్ల కారణం జంట తార. తోడుగా తిరిగే మరో చుక్క వాయువును నడుం దగ్గర పట్టి ఉంచితే మిగతాది రెండు వైపులకూ రెక్కల్లా విచ్చుకుంటుంది. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన చిత్రాల్లో రింగ్ నెబ్యులా చుట్టూ పది వరకూ సన్నని వలయాలు కనిపించాయి. అవి సుమారు 280 ఏళ్ళకొకటి చొప్పున ఏర్పడ్డాయట. అక్కడా ఓ తోడు చుక్క ఉందని శాస్త్రవేత్తల అనుమానం.

కళ్ళ ముందే పుట్టింది!

తారల బతుకులో మార్పు రావాలంటే వేల ఏళ్ళు పడుతుందన్నది లెక్క. ఆ లెక్కకు అందని చుక్కను పట్టుకున్నవారిలో ముఖ్యుడు ముడుంబ పార్థసారథి. ఆయన అప్పట్లో బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్త. 1971లో చూసినప్పుడు ఆ చుక్క దగ్గర నీహారిక జాడే లేదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆయన బృందం పరిశీలిస్తే, దాని వెలుగులో నీహారిక గుర్తులు స్పష్టంగా కనిపించాయి! 1998లో హబుల్ చిత్రం వెలువడినప్పుడు, అప్పటికి తెలిసినవాటిలో అదే అతి పిన్న గ్రహ నీహారిక. తోకలో ముల్లుండే సముద్రపు చేప పేరుతో 'స్టింగ్ రే' అన్నారు.

ముచ్చట అంతటితో ఆగలేదు. 1996కీ 2016కీ మధ్య అది గబగబా మసకబారింది. ఆక్సిజన్ వెలుగైతే దాదాపు వెయ్యో వంతుకు పడిపోయింది. మధ్యనున్న తార ఒక్కసారి భగ్గుమని మళ్ళీ చల్లారుతుండటమే కారణమని అంచనా. మనిషి వయసులో సగం కాలంలోనే ఓ నీహారిక పుట్టి, వెలిగి, వాడిపోవడం!

మన నేల మీద నుంచీ...

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్ళిన ఆస్ట్రోశాట్‌కూ ఇందులో వాటా ఉంది. దానిలోని అతినీలలోహిత టెలిస్కోపుతో ఎన్.కామేశ్వరరావు బృందం సీతాకోకచిలుక నీహారికను చూసింది. మామూలు చిత్రాల్లో కనిపించే రెక్కలకన్నా చాలా పెద్దవి బయటపడ్డాయి. 2018లో ఆ సంగతి లోకానికి తెలిసింది.

ఎక్కడో చచ్చిపోయే చుక్కలతో మనకేం పని అంటారా? విశ్వంలోని కార్బన్, నత్రజనిలో చాలా భాగం ఇలాంటి తారలు ఊదినదే. పామర్రు చేలల్లో పండే వడ్లగింజలోని కార్బనూ, ఆ చేలో చల్లే యూరియాలోని నత్రజనీ చాలా వరకు ఎప్పుడో ఆరిపోయిన చుక్కల చలవే. సుమారు 500 కోట్ల ఏళ్ళ తర్వాత మన సూర్యుడూ ఇలాగే పోతాడు. పోతూపోతూ తానూ కాస్త పంచిపోతాడు!