‘కారణం తెలీదు’ అని క్లాసులో ఎలా చెప్పాలి?

ఎచ్చెర్లలోని మా జిల్లా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ పిల్లలకి ఒక గంట పాఠం చెప్పమన్నారు. విషయం: ఉద్దానం కిడ్నీ జబ్బు. నేను డాక్టర్ని కాదు, ప్రొఫెసర్ని అసలే కాదు. పలాసలో ల్యాబ్ టెక్నీషియన్ని. ఇరవై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల వాళ్ల రక్తంలో క్రియాటినిన్ చూస్తున్నవాణ్ణి. అందుకే పిలిచారట.

రెండు వారాలుగా రాత్రిళ్లు అదే పని. ఆ క్లాసులో కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు పిల్లలు తప్పకుండా ఉంటారు. ఎవరో ఒకరి నాన్న వారానికి మూడుసార్లు టెక్కలికో పలాసకో డయాలసిస్‌కి వెళ్తూ ఉంటాడు. ఒక్కోసారికి నాలుగు గంటలు మిషను మీద, రానూపోనూ బస్సు వేరే. అందుకని ముందుగా రోగుల ఫొటోలన్నీ తీసేశాను. ‘మీలో ఉద్దానం వాళ్లెవరు, చేతులెత్తండి’ అని కూడా అడగను. ఆ ఊళ్ల పేరు చెబితే పెళ్లి సంబంధాలు వెనక్కిపోయే రోజులివి. రిపోర్టు కవర్లో పెట్టి, ఎవరికీ చెప్పకండి బాబూ అని బతిమాలేవాళ్లని నేను చూస్తూనే ఉన్నాను.

మరి ఏం చెప్పాలి? నా చేతికి తెలిసింది చెబుదామనుకున్నాను. క్రియాటినిన్ మన కండరాల్లో రోజూ తయారయ్యే వ్యర్థం, దాన్ని కిడ్నీ బయటికి పంపుతుంది. దాన్ని కొలిచే పాత పద్ధతి మాక్స్ జాఫే అనే జర్మన్ శాస్త్రవేత్త 1886లో కనిపెట్టిందే. క్షారం కలిపిన పిక్రిక్ ఆమ్లంలో క్రియాటినిన్ పడితే నారింజ రంగు వస్తుంది. ఎంత ముదురు రంగైతే అంత ఎక్కువ క్రియాటినిన్. మూడు ట్యూబుల్లో ఆ రంగులు చూపిస్తాను. (పిక్రిక్ ఆమ్లం ఎండితే పేలుతుంది, కాబట్టి కిట్‌లోని పలచని ద్రావణమే తీసుకెళ్తాను.) తిరకాసేమిటంటే, చక్కెర ఎక్కువున్నా, కొన్ని యాంటీబయాటిక్ మందులు వాడినా ఆ రంగు కాస్త పెరుగుతుంది.

రంగు సరిగ్గా వచ్చినా అంకెను చదవడం వేరే విద్య. రిపోర్టులో 1.2 ఉందనుకోండి. పాతికేళ్ల కుర్రాడికైతే లెక్కగడితే కిడ్నీ పనితీరు సుమారు 86. నలభై అయిదేళ్ల ఆడమనిషికైతే అదే 1.2కి సుమారు 57. అరవైకి లోపల మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. అంటే అదే కాగితం, అదే అంకె, ఒకరు ఇంటికెళ్లొచ్చు, ఒకరు డాక్టర్ దగ్గరికెళ్లాలి. పైగా ఒకరికి 0.7 ఉన్నది 1.4 అయ్యేసరికి పనితీరు దాదాపు సగం పోయినట్టే. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. ఈ భాగానికి ఇరవై నిమిషాలు కేటాయించాను. తగ్గించేది లేదు.

జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లే పక్కింటి పిన్నిని కూర్చోబెట్టి ఒకసారి అప్పజెప్పాను. అంతా విని, ‘ఏటి బాబూ, ఎందుకొచ్చిందో తెలీదని చెప్పడానికి అంత దూరం ఎల్తావా?’ అంది. ఆ రాత్రి సగం పాఠం మార్చాను.

‘తెలీదు’లో చాలా సంగతి ఉంది మరి. డాక్టర్ టి. రవిరాజు బృందం 2,210 మందిని పరీక్షిస్తే నూటికి 18 మందికి జబ్బు కనిపించింది. వాళ్లలో ఎక్కువమందికి సుగర్, బీపీ లాంటి మామూలు కారణాలేవీ లేవు. ఎండలో నీళ్లు సరిగా తాగకుండా చేసే కష్టం, బోరు నీళ్లలోని సిలికా, పురుగుమందులు, ఒళ్లు నొప్పుల మాత్రలు, వంశం... అనుమానాలు అనేకం. ఒకే రైతు ఆ నీళ్లే తాగుతాడు, ఆ ఎండలోనే పనిచేస్తాడు, ఆ మందే కొడతాడు. దేన్ని విడదీస్తాం? శ్రీలంక వరి రైతులదీ, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలదీ ఇదే గొడవ. డాన్యూబ్ ఉపనదుల ఒడ్డు పల్లెల్లో ఇలాంటి జబ్బునే 1950లలో గుర్తించారు. గోధుమల్లో కలిసే ఒక కలుపు మొక్క గింజల విషమే కారణమన్న గట్టి రుజువు 2007లో గానీ దొరకలేదు. ఆ మొక్క మన ఈశ్వరి వేరు జాతిదే. అలాగని మన జబ్బుకీ అదే కారణమని పిల్లలు రాసుకుపోకూడదు, అందుకే ఆ మాట రెండుసార్లు చెబుతాను.

చివరి పది నిమిషాలు వాళ్లవే. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్లు ఉద్దానానికి తెచ్చారు. బోర్డు మీద ఒక్క ప్రశ్న రాస్తాను. జబ్బుకి కారణం నీళ్లే అయితే, ఏ వయసు వాళ్లలో, ఎన్నేళ్లకి అంకెలు తగ్గాలి? ఒకవేళ తగ్గినా, అది నీళ్ల వల్లేనని చెప్పడానికి ఈ రోజు నుంచే ఏమేం కొలిచి పెట్టుకోవాలి?