నాపరాతి నేల కింద దారి చూపే మనిషి

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు భారతదేశపు మైదాన ప్రాంతంలో సందర్శకులకు తెరిచిన గుహలన్నిటిలోకీ పొడవైనవని పేరు పొందాయి. ఇంతవరకు కొలిచిన సొరంగాల మొత్తం పొడవు 3,229 మీటర్లు కాగా, అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మేర మాత్రమే దీపాలు, మెట్లు, నడకదారి ఏర్పాటు చేసి జనాన్ని అనుమతిస్తున్నారు. గుహ అనగానే కొండను, కొండ వాలులో నోరు తెరిచిన చీకటిని ఊహించుకుని వచ్చేవారికి ఇక్కడ అలాంటిదేదీ కనిపించదు. చదునైన పొలాల నడుమ బావుల్లాంటి మూడు గుంతలు ఉంటాయి; వాటిలో నడిమి గుంతే గుహకు ప్రవేశద్వారం. దారి తెలియని మనిషి వంద గజాల దూరం నుంచి నడిచిపోయినా, కాళ్ల కింద ఇంత పెద్ద సొరంగాల అల్లిక ఉన్నదని అనుమానించే అవకాశం లేదు.

హైదరాబాదు నుంచి కర్నూలు, బనగానపల్లె మీదుగా గానీ, బెంగుళూరు నుంచి అనంతపురం, తాడిపత్రి మీదుగా గానీ కారులో వచ్చే కుటుంబానికి ఈ గుహ ఏ రాతిలో పుట్టిందో దారిలోనే తెలిసిపోతుంది. పొలాల గట్ల మీద కంచెకు బదులుగా నిలువునా పాతిన బండలు, ఇళ్ల కప్పులకూ అరుగులకూ పరిచిన పలకలు, రోడ్డు పక్కన పేర్చిన పాలిష్ రాళ్లు, దూరాన సిమెంటు కర్మాగారాల పొగగొట్టాలు, ఇవన్నీ ఒకే జాతి సున్నపురాతికి రకరకాల రూపాలు. తెలుగునాట చాలా ఇళ్లలో నేలకు పరిచిన నాపరాయి ఈ చుట్టుపక్కల గనుల నుంచే వెళ్లింది. బెలుం గుహలున్న రాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు కడప ప్రాంతపు నార్జి గ్రామం పేరుతో నార్జి సున్నపురాయి అంటారు. యాభై కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో, ఈ ప్రాంతాన్ని కప్పి ఉన్న సముద్రం అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని, అట్ల దొంతరలా అణగి గట్టిపడి ఈ రాయి తయారైంది. గవ్వలు, చిప్పలు ఉన్న జీవులు ఇంకా పుట్టని కాలమది. అందుచేత గోడల్లో గవ్వల కోసం వెతికే పిల్లలకు అవి దొరకవు.

రాయి వయసు వేరు, గుహ వయసు వేరు. రాయి ఏర్పడిన చాలాకాలం తరువాత, నేల మీద పడిన వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకుని బలహీనమైన కార్బోనిక్ ఆమ్లంగా మారి, రాతి బీటల వెంట కిందికి దిగి, సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పోయింది. భూగర్భ జలమట్టానికి దిగువన, అంటే నేలలోని నీరు ఎప్పుడూ నిండి ఉండే లోతులో, ఈ కరగడం అన్ని వైపులా సాగుతుంది కాబట్టి అక్కడి సొరంగాలు నున్నని గోడలతో, కప్పులో బోర్లించిన గిన్నెల వంటి గుంటలతో తయారవుతాయి. ఆ తరువాత జలమట్టం దిగజారినప్పుడు నీరు ఖాళీ చేసిన చోట గాలి చేరి, గుహ మిగులుతుంది. కప్పు నుంచి ఊరే ప్రతి బొట్టూ తనలో కరిగి ఉన్న సున్నాన్ని కాల్సైట్ అనే స్ఫటికంగా వదిలిపెట్టడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. కప్పు నుంచి కిందికి వేలాడే రాతి ఊడను స్టాలక్టైట్ అనీ, బొట్టు పడిన చోట నేల మీద నుంచి పైకి లేచేదాన్ని స్టాలగ్మైట్ అనీ అంటారు; రెండూ కలిసిపోతే స్తంభం అవుతుంది. ఈ పెరుగుదల సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు చొప్పున ఉంటుంది కనుక జానెడు ఊడ వెనక రెండు వేల ఏళ్లు ఉన్నాయనుకోవచ్చు.

అరకు దారిలోని బొర్రా గుహలను చూసినవారు బెలుంను వాటితో పోల్చడం సహజమే. అయితే ఈ పోలిక బెలుంకు అన్యాయం చేస్తుంది. బొర్రాలో ఎత్తైన విశాలమైన మందిరం ఉంది, పై నుంచి పగటి వెలుతురు పడుతుంది, నిలుచున్న చోటి నుంచే కన్ను దేన్నో ఒకదాన్ని పట్టుకుంటుంది. బెలుం అలా కాదు. అడ్డంగా పరుచుకున్న రాతిపొరల మధ్య నీరు తొలిచిన సందులు, మలుపులు, ఒకచోట తల వంచుకుని దాటవలసిన ఇరుకు, ఆ వెంటనే ఓ పెద్ద గది, మళ్లీ రెండు మూడు వైపులకు చీలిన దారులు: మొత్తం మీద ఇది ఒక చిక్కుదారుల అమరిక. ఊడలూ స్తంభాలూ కొన్ని చోట్లే ఉన్నాయి. అందువల్ల ఈ గుహలో ఏమి కనిపిస్తుందన్నది చాలావరకు ఎవరు చూపిస్తున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. దీపాలున్న దారి పట్టుకుని తమంతట తాము గబగబా తిరిగి వచ్చే కుటుంబం ఉక్కపోతను, బూడిదరంగు గోడలను మాత్రమే చూసి వస్తుంది.

స్థానిక గైడ్ ముందుగా చూపేవి పేర్లున్న చోట్లు. సింహద్వారం, కోటిలింగాలు, వేయి పడగలు, ఊడల మర్రి, ధ్యాన మందిరం వంటి పేర్లన్నీ చూసిన రూపాన్ని తెలిసిన రూపంతో ముడిపెట్టి పెట్టుకున్నవే. కోటిలింగాల గదిలో శివలింగాలను తలపించే చిన్నచిన్న రాతి రూపాలు, వాటి మధ్య పైనా కిందా కలిసిపోయిన భారీ స్తంభం ఉన్నాయి. ఊడల మర్రి దగ్గర స్తంభం చుట్టూ వేలాడే ఊడలు చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పనక్కరలేదు. చదువుకున్న సందర్శకులు కొందరు ఈ పేర్లను మూఢత్వంగా కొట్టిపారేస్తారు గానీ, చీకటి దారుల్లో గుర్తులుగా పనిచేసేవి అవే. శాస్త్రం చెప్పే వివరణకూ వాటికీ పోటీ ఏమీ లేదు. మంచి గైడ్ రెండూ చెబుతాడు. పడగల వరుసను చూపించాక, అదే టార్చి వెలుతురును గోడకు ఏటవాలుగా పట్టి, పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఒకప్పుడు నీరు ఏ ఎత్తున నిలిచిందో తెలిపే గీతనూ, కప్పులోని గిన్నె గుంటలనూ చూపగలడు. అతడు చూపకపోతే అడగాలి. "అన్నా, ఇక్కడ నీళ్లు ఎంతవరకు ఉండేవి?" అన్న ఒక్క ప్రశ్నతో చాలామంది గైడ్‌ల మాట తీరే మారిపోతుంది, కంఠస్థం చేసిన పాఠం పక్కకు పోయి, తాము చూసిన వానాకాలాల సంగతులు బయటికి వస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం గైడ్ మాటకు తల ఊపకుండా ఉండడమే మేలు. సప్తస్వరాల గుహ అనే చోట రాతి ఊడలను వేలి కణుపులతోనో కర్రతోనో తడితే ఒక్కొక్కటి ఒక్కో స్థాయిలో మోగుతుంది. ఒకసారి వింటే ముచ్చటగానే ఉంటుంది, కానీ వచ్చిన ప్రతి బృందమూ తట్టి వింటే సన్నని ఊడలు చిట్లక తప్పదు. పైగా చేతి చర్మంలోని జిడ్డు రాతికి అంటుకుంటే ఆ చోట కొత్త కాల్సైట్ పట్టుకోదు, ఊడ పెరుగుదల ఆగిపోతుంది. దీపాల చుట్టూ గోడ మీద కనిపించే పచ్చని మరకలు కూడా మనిషి తెచ్చిపెట్టినవే. వెలుతురు సోకని చోట పెరగని నాచు, విద్యుద్దీపాల చెంత బతుకుతున్నది.

గుహలో అతి లోతైన చోటు పాతాళగంగ, ప్రవేశద్వారానికి దాదాపు 46 మీటర్ల దిగువన ఉంది. అక్కడ ఏడాది పొడవునా సన్నని నీటి పాయ పారుతుంది. కొంత దూరం కనిపించి రాతిలోకి మాయమయ్యే ఆ నీరు సుమారు రెండు కిలోమీటర్ల దూరంలోని బెలుం గ్రామపు బావికి చేరుతుందని స్థానికుల నమ్మకం. గుహలు చల్లగా ఉంటాయని విని వచ్చేవారు ఇక్కడ చెమటలో తడిసి ఆశ్చర్యపోతారు. లోతైన గుహలోని గాలి పగటి వేడితోనూ రాత్రి చలితోనూ మారకుండా, ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. మేఘాలయ గుహలు చల్లగానూ రాయలసీమ గుహలు వెచ్చగానూ ఉండడానికి కారణం అదే. గాలిలో తేమ నిండుగా ఉండడంతో చెమట ఆరదు. లోపలికి గొట్టాల ద్వారా గాలి పంపే ఏర్పాటు ఉన్నా, ఆయాసం ఉన్న పెద్దలు, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేనివారు పాతాళగంగ దాకా వెళ్లకుండా మధ్యలోనే ఆగడం మంచిది. ఎక్కడ ఆగితే కూర్చునేందుకు చోటుంటుందో, గాలి ఆడుతుందో గైడ్‌కు తెలుసు. తేమకు జారని చెప్పులు, చేతిలో ఒక టార్చి, మంచినీళ్లు ఉంటే మిగతా సామాను కారులో వదిలేయవచ్చు.

ఈ గుహలను తొలుత శాస్త్రీయంగా నమోదు చేసినవాడు బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. అది 1884 నాటి మాట. ఆ తరువాత దాదాపు శతాబ్దం పాటు బయటి ప్రపంచం వీటిని మరిచిపోయింది. 1982, 1983 సంవత్సరాల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం సొరంగాలను కొలిచి పటాలు గీసింది. బౌద్ధ, జైన సన్యాసులు ఇక్కడ నివసించారని తెలిపే అవశేషాలూ దొరికాయి. అంతటి చరిత్ర ఉన్న చోటు కొంతకాలం చుట్టుపక్కల ఊళ్ల చెత్త పారబోసే గుంతగా మారిందంటే నమ్మడం కష్టం. 1988లో రాష్ట్ర ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించాక, 1999 నుంచి పర్యాటకాభివృద్ధి సంస్థ పేరుకుపోయిన మట్టినీ చెత్తనూ తొలగించి, దారులు వేసి, 2002 ఫిబ్రవరిలో జనానికి తెరిచింది.

కారులో వచ్చిన కుటుంబానికి బెలుం ఒక్కటే గమ్యం కానక్కరలేదు. పెన్నా ఒడ్డున తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరాలయం, చింతల వెంకటరమణస్వామి ఆలయం ఉన్నాయి. గండికోటలో ఆ నదే కొండను కోసిన లోయ ఉంది. బనగానపల్లె దగ్గరి యాగంటిలో కొండ రాతిపొరల్లో ఊరిన నీరు కోనేటిలోకి ఎప్పుడూ చేరుతూనే ఉంటుంది, గుడి పైన కొండలో మెట్లెక్కి చూడదగిన సహజ గుహలూ ఉన్నాయి. ఇంకా ఆసక్తి మిగిలినవారు బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలకు వెళ్లవచ్చు. ఫుట్, ఆయన కుమారుడు కలిసి తవ్వించి పురాతన జంతువుల ఎముకలను వెలికితీసిన చోటది. బెలుంలో ఉన్న దీపాలు, మెట్లు అక్కడ ఆశించరాదు కాబట్టి, ఆ ఊరివారు ఎవరైనా తోడు రాకుండా అటు వెళ్లకపోవడమే క్షేమం.