చత్వారము

పడమటి దిక్కున వెలికొండల వరుస నీలిగీతవలె స్పష్టముగా కనబడుచుండగా, చేతిలోని సూదిబెజ్జము మాత్రము కానరాక, ఇంటి ముంగిట కూర్చున్న ఇల్లాలు వీధిని పోవు చిన్నవానిని కేకవేసి, "అబ్బయా, ఈ సూదిలో దారమెక్కించి పెట్టు నాయనా" అని బతిమాలుకొనుట వరికుంటపాడు మొదలు ఉదయగిరి వరకు మా మెట్టసీమలో ఏ పల్లెయందైనను కానవచ్చు దృశ్యమే. దూరమున నున్నది కనబడి, దగ్గర నున్నది కనబడని ఈ స్థితికి మన పెద్దలు చత్వారమని పేరిడినారు. సంస్కృతమున చత్వారింశత్ అనగా నలువది. వైద్యగ్రంథములు దీనిని ముసలిచూపు అను అర్థము వచ్చు గ్రీకు మాటలతో ప్రెస్‌బయోపియా అని వ్యవహరింపగా, తెలుగువారు ముసలితనపు ప్రసక్తి తేక వయస్సును మాత్రమే లెక్కగట్టి చెప్పినారు. ఆ మాటలోని మర్యాదయు, అందలి పరిశీలనయు నాకెంతయో ప్రీతికరములు.

కంటిపాపకు వెనుక పారదర్శకమైన కటకమొకటి కలదు. బాల్యమున అది మిక్కిలి మెత్తనై, చుట్టునున్న కండరము బిగిసినంతనే ఉబ్బి, చేతిలోని అక్షరమునుండి వచ్చు కిరణములను కంటిలోపలి తెరపై సరిగా కూర్చును. ఏటేటను అది గట్టిపడుచు వచ్చి, నలువది యేండ్లు దాటునప్పటికి మునుపటివలె ఉబ్బజాలదు. ఇది రోగము గాదు. తల నెరయుట యెట్టిదో ఇదియు నట్టిదే. అద్దములు పెట్టుకొన్నచో కన్ను మరింత చెడునను భయము నిరాధారము. అద్దములు కంటిని చెరుపవు, చత్వారమును ఆపనైనను ఆపవు. కటకము చేయజాలని పనిని తాము చేసిపెట్టును, అంతే.

ఉదయగిరిలో కొయ్యగరిటెలు, చెంచాలు చెక్కు స్త్రీలను చూచినవారికి దగ్గరిచూపు విలువ వేరుగ చెప్పవలసిన పనిలేదు. అడవికర్రను పట్టుకొని, చిన్న ఉలితోను ఆకురాయితోను పిడిపై వారు తీర్చు సన్నని నగిషీ భౌగోళిక గుర్తింపును పొందిన విద్య. చేయి తిరిగి, పనితనము పండునట్టి నలువదవ యేటనే చూపు వెనుదీయుట ఎంతటి నష్టము! అస్సాము తేయాకు తోటలలో నలువదేండ్లు పైబడిన కూలీలకు దగ్గరిచూపు అద్దములిచ్చి జరిపిన పరిశోధన 2018లో వెలువడినది. అద్దములు పొందినవారు కోసిన ఆకు, పొందనివారితో పోల్చగా, ఇంచుమించు అయిదవ వంతు హెచ్చినది. ఆకు కోయు చేతికే ఇంత లాభము చేకూరినచో, ఉలి పట్టిన చేతికి ఎంత మేలు కలుగునో పాఠకులే ఊహింపవచ్చును.

ఎల్.వి. ప్రసాద్ పేర హైదరాబాదున 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన నేత్రవైద్య సంస్థవారు 1996 మొదలు 2000 వరకు ఆంధ్రప్రదేశమున పదివేలకు పైబడిన జనమును పరీక్షించి చూడగా, అంధత్వమునకు గల హేతువులలో శుక్లములును, తగిన అద్దములు లేకపోవుటయు కలిసి సగమును మించినవి. ఒకదానికి చిన్న శస్త్రచికిత్స, రెండవదానికి జత అద్దములు చాలును. ఇంత సులువుగా తొలగింపదగిన చీకటిని లలాటలిఖితమని భరించుచు అరుగుమీద కూర్చున్న వృద్ధులను తలచినప్పుడెల్ల నా మనస్సు చివుక్కుమనును. "పొర ఇంకను ముదరలేదు" అని ఆపరేషనును వాయిదా వేయుట పాతకాలపు మాట. నడకకు, వంటకు, పొలముపనికి చూపు చాలనప్పుడే శుక్లమును తీసి కృత్రిమ కటకము నమర్చుట నేటి పద్ధతి. మిక్కిలి ముదరనిచ్చుటవలన శస్త్రచికిత్స కష్టతరమగును.

అన్నిటికంటె నన్ను భయపెట్టునది మరియొకటి కలదు. నూర్పిళ్ళనాడు కళ్ళములో ఎగసిన పొట్టో, వరికంకి మొనయో, కంది మోడో నల్లగ్రుడ్డును గీచిపోవును. గీత చిన్నదే, మొదటినాడు మంటయు స్వల్పమే. అయితే ఆ మొనమీది బూజు గాయములో దిగి వేరూనుటకు కొద్దిదినములు చాలును. ఆ సమయమున ఎవరో వచ్చి ఆకుపసరు పిండుదురు, మరియెవరో చనుబాలు పోయుదురు. ఇవేవియు గాక, మందులషాపులో అడిగి తెచ్చిన చుక్కలలో స్టెరాయిడున్నచో, ఎఱుపు తగ్గినట్లు కనబడుచు బూజు మాత్రము లోలోపల బలియును. పుండు మానిన పిదప మిగులు తెల్లని మచ్చనే మనవారు కంటిలో పువ్వు అందురు. అంత చక్కని పేరు అంతటి కష్టమునకు ఎట్లు వచ్చినదో గాని, ఆ పువ్వు పూచిన కన్ను మరల చూడవలెనన్నచో, తరచుగ మరియొకరు మరణానంతరము దానము చేసిన నల్లగ్రుడ్డే శరణ్యము. కావున కంటికి దెబ్బ తగిలిననాడు పసరు వద్దు, నలుపవద్దు. శుభ్రమైన నీటితో కడిగి, ఆనాడే కంటివైద్యుని చెంతకు పోవలెను.

పిల్లల విషయమున ఒక్కమాట. నల్లబల్లమీది అక్షరము కానక, ప్రక్కవాని పలకలో చూచి వ్రాయు బాలుని మందబుద్ధి యనుకొని దండించిన సందర్భములు మన బడులలో లెక్కకు మిక్కిలి. 2019 అక్టోబరు 10న అనంతపురమున ఆరంభమైన కంటివెలుగు పథకము మొట్టమొదట బడిపిల్లలనే పరీక్షింప బూనుట ఎంతయు యుక్తము. దినమునకు రెండుగంటలు ఆరుబయట ఆడుకొను పిల్లలకు హ్రస్వదృష్టి పట్టుట తక్కువని శాస్త్రజ్ఞులు తేల్చినారు. ఆరుబయలు మా మెట్టలో కావలసినంత ఉన్నది, సెల్‌ఫోనును చేతినుండి తీసికొనుటయే మిగిలినది. పెరటిలోని మునగాకు, తోటకూర వారి కంచములో పడినచో రేచీకటి దరిజేరదు.

నలువది నిండిన పాఠకులారా, ఈ పుటను చేయి చాచి దూరముగా పట్టుకొని చదువుచున్నట్లయిన, ఈ వారములోనే పోయి కన్ను చూపించుకొనుడు. పోవునప్పుడు ఇంటిలోని పెద్దవారినికూడ వెంటబెట్టుకొని పొండు.