హెడ్‌లైట్ వెలిగినా సెల్ఫ్ ఎందుకు తిరగదు?

బైకు తాళం తిప్పగానే హెడ్‌లైట్ వెలుగుతుంది, హారన్ మోగుతుంది, సెల్ఫ్ మాత్రం తిరగదు. లైటు వెలుగుతోంది కాబట్టి బ్యాటరీకేమీ కాలేదని, మోటారే పోయిందని చాలామంది తేల్చేస్తారు. అలా తేల్చడానికి ఆ లైటు సాక్ష్యం చాలదు.

35 వాట్ల హెడ్‌లైట్‌కు కావలసింది సుమారు 3 ఆంపియర్లు. ఇంజన్ను తిప్పే మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. ఎర్తు వైరు బోల్టు దగ్గర తుప్పు పట్టి 0.04 ఓమ్‌ల నిరోధం చేరిందనుకుందాం. లైటు వెలిగేటప్పుడు అక్కడ పోయేది 0.12 వోల్టు, కంటికి ఆనదు. అదే మోటారు 50 ఆంపియర్లు అడిగితే 2 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. నీరసపడిన బ్యాటరీ లోపలా జరిగేది ఇదే.

కాబట్టి పరీక్ష, సెల్ఫ్ బటన్ నొక్కి ఉంచినప్పుడే జరగాలి. ముందు చెవితో. బటన్ నేరుగా మోటారుకు కరెంటు పంపదు. రిలేని పనిలో పెడుతుంది, రిలే లావు కేబుల్‌ను మోటారుకు కలుపుతుంది. ఏ చప్పుడూ లేకపోతే లోపం రిలేకి ముందే ఉండొచ్చు: ఫ్యూజు, కిల్ స్విచ్, క్లచ్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్ చూడాలి. టకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయిందో, టెర్మినల్ వదులైందో. ఒక్కసారే 'టక్' మని ఆగితే రిలే కాంటాక్టులు కాలి ఉండొచ్చు, మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు. మోటారు గిర్రున తిరిగినా ఇంజను కదలకపోతే అనుమానం వన్‌వే క్లచ్ మీద. అది కరెంటు రోగం కాదు.

తర్వాత మల్టీమీటర్. బండి న్యూట్రల్‌లో ఉండాలి. కాసేపు వాడకుండా ఉంచిన లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులకు పైన చూపుతుంది. బటన్ నొక్కినప్పుడు 9.5 కంటే కిందికి జారితే బ్యాటరీని ఛార్జి చేసి మళ్లీ చూడాలి. జారకపోయినా మోటారు నీరసంగా తిరుగుతుంటే మీటరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజను లోహం మీద పెట్టి బటన్ నొక్కండి. అర వోల్టు దాటితే ఎర్తు దారిలో అడ్డు ఉన్నట్టే. బోల్టు విప్పి గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే తీరే పనికి కొత్త మోటారెందుకు?

ఛార్జి చేసిన బ్యాటరీ నాలుగు రోజులకే దిగిపోతుంటే ఇంజను స్టార్టు చేసి కాస్త రేజ్ చేసి చూడాలి. బ్యాటరీ టెర్మినల్స్ మీద మీటరు 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపాలి. 12 దగ్గరే ఆగిపోతే స్టేటర్ కాయిల్‌నో, రెగ్యులేటర్ రెక్టిఫైయర్‌నో అనుమానించాలి. 15 దాటితే రెగ్యులేటర్ చెడినట్టు; దాన్ని మార్చకుండా కొత్త బ్యాటరీ బిగిస్తే అదీ ఉడికిపోతుంది.