కల్పితభాషలో క్రియార్థభేదములు

జామెన్‌హోఫ్ 1887లో వార్సాలో ప్రకటించిన ఎస్పరాంటోలో క్రియ పురుషవచనములనుబట్టి మారదు. నిశ్చయార్థమున వర్తమాన భూత భవిష్యత్తులకు అస్, ఇస్, ఓస్, సంభావనకు ఉస్, విధికి ఉ. ప్రత్యయములు ఇంతే.

విధిప్రత్యయ మొక్కటియైనను దాని పని పెద్దది. ‘వేను’ అనిన రమ్ము. ‘ని వేను’ అనిన మనము వత్తము. ‘లి వేను’ అనిన అతడు వచ్చుగాక. తెలుగున మూటికి మూడు రూపములు. ఇది పొదుపే. కాని ద్రావిడభాషల వ్యవహారమున గౌరవభారమును గూడ విధిరూపమే మోయును. పుదుచ్చేరిలోని తట్టాంచావడి వీథులలో తమిళులు చిన్నవానిని ‘వా’ అనియు, పెద్దలను ‘వాంగ’ అనియు పిలుతురు. మన ‘రా’, ‘రండి’ అట్టివే. ఎస్పరాంటోలో ఇరువురికిని ‘వేను’ చాలును. మర్యాద కావలసినచో ‘బొన్‌వోలు వేని’ అని వేరొక క్రియను తోడు తెచ్చుకొనవలెను.

ఇంతకంటె లోతైన భేదము చేదర్థమున నున్నది. ‘సె లి వేనుస్, మి ఇరుస్’: అతడు వచ్చినన్ నేను పోవుదును. ఇచట రెండును సమాపకక్రియలే, రెంటను ‘ఉస్’ ప్రత్యయమే. నియమమును తెలుపునది ‘సె’ అను అవ్యయము. తెలుగు ‘వచ్చినన్’, తమిళ ‘వందాల్’ అసమాపకములు. నియమము క్రియారూపముననే ఇమిడియున్నది. బాలవ్యాకరణము చేదర్థకమును క్రియాపరిచ్ఛేదముననే చెప్పినది. ఎస్పరాంటో ప్రత్యయములు కల్పితములైనను వాక్యపు అచ్చు ఐరోపాభాషలదే. ద్రావిడభాషీయునకు దీనిని బోధించువారు ‘ఉస్’కు ముందు ‘సె’ను వివరింపవలసియుండును.