రామచిలుకను పంజరంలో పెడితే కేసేనా? భూపాలపల్లి అడవి నుంచి జనగామ తాటివనాల దాకా.. మన చిలుకల సంగతి ఇదీ!

ఇంట్లో ఓ రామచిలుక ఉంటే ముచ్చటగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. జామకాయ ముక్క పెడతారు, పేరు పెట్టి పిలుస్తారు, నాలుగు మాటలు నేర్పిస్తారు. పిల్లలకైతే అదో సరదా. కానీ ఆ పంజరంలో ఉన్నది పెంపుడు పక్షి కాదు.. అడవి పక్షి. దాన్ని పట్టినా, అమ్మినా, కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా చట్టం దృష్టిలో నేరమే. ఒక్క పిల్ల చిలుక బజారుకొచ్చిందంటే, ఎక్కడో ఓ చెట్టు తొర్రలో గూడు ఖాళీ అయినట్టే. ఇంతకీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఉండే చిలుకలేంటి? వాటికి వచ్చిన కష్టమేంటి? ఓసారి చూద్దాం.

చిలుకలన్నీ ఒకటి కాదు

మనం ఎక్కువగా చూసేది రామచిలుక. తోకతో కలిపి 40 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మగదాని మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగు పట్టీ కనిపిస్తుంది. ఆడదానికి ఆ పట్టీ ఉండదు. మగ పిల్లకు కూడా పట్టీ రావడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. అందుకే పిల్లలుగా ఉన్నప్పుడు ఆడో మగో చెప్పడం కష్టం.

రెండోది పెద్ద చిలుక. దీన్నే అలెగ్జాండ్రిన్ పారాకీట్ అంటారు. రామచిలుక కంటే బాగా పెద్దది. రెక్క పైభాగంలో, భుజం దగ్గర ముదురు ఎరుపు మచ్చ ఉంటుంది. అదే దీని గుర్తు. పెద్ద పెద్ద చెట్లున్న అడవులంటే దీనికి ఇష్టం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పు అంచుకు చేరిన పక్షుల జాబితాలో పెట్టింది.

మూడోది ప్లమ్ హెడెడ్ పారాకీట్. మిగతా రెండింటి కంటే చిన్నది. మగదాని తల పండిన రేగుపండు రంగులో మెరుస్తుంది. ఆడదాని తల బూడిద రంగులో ఉంటుంది. ముక్కు ఎర్రగా కాకుండా పసుపుగా ఉంటుంది. భారత ఉపఖండంలో తప్ప ఇంకెక్కడా సహజంగా కనిపించని చిలుక ఇది.

ఎక్కడ బతుకుతాయి?

భూపాలపల్లి జిల్లాలో మహదేవపూర్ వైపు గోదావరి పొడవునా అడవులున్నాయి. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం మండలాలు, పాకాల అడవి ఉన్నాయి. పక్కనే ములుగు జిల్లాలో ఏటూరునాగారం అభయారణ్యం ఉంది. టేకు, మద్ది, ఇప్ప, మోదుగ చెట్లు పెరిగే ఈ అడవులే చిలుకలకు ఇల్లు. వేసవి మొదట్లో మోదుగ, ఇప్ప పూస్తే చిలుకలకు పండగే. పూరేకులు తింటాయి, తేనె తాగుతాయి.

జనగామలో అడవి తక్కువ. అయినా రామచిలుకలు బతుకుతున్నాయంటే కారణం తాటిచెట్లు, చెరువు గట్ల మీది పాత రావిచెట్లు, మర్రిచెట్లు, ఊరి చివర మామిడి తోటలు. తల విరిగి మోడుగా మిగిలిన తాటిచెట్టు మనకు కట్టెలకే పనికొస్తుంది. చిలుకకు మాత్రం అది కాన్పు గది.

అసలు సమస్య తొర్రే!

చిలుక పుల్లలు ఏరుకొచ్చి గూడు కట్టుకోదు. చెట్టు తొర్రలోనే గుడ్లు పెడుతుంది. గట్టి చెట్టును మొదటి నుంచి తొలుచుకోవడం దానికి కష్టం. వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసిన రంధ్రమో, కొమ్మ విరిగిన చోట పడిన తొర్రో చూసుకుని, దాన్నే కొరికి పెద్దది చేసుకుంటుంది. అదే తొర్ర కోసం గోరింకలు, గుడ్లగూబలు కూడా పోటీ పడతాయి. బాగున్న తొర్ర ఉంటే చిలుకలు మరుసటి ఏడాది కూడా అక్కడికే వస్తాయి.

డిసెంబర్ నుంచి వేసవి దాకా గుడ్లు పెట్టే కాలం. రామచిలుక నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. మూడు వారాలు దాటాక పిల్లలు బయటికొస్తాయి. ఎగరడానికి ఇంకో ఏడు వారాలు పడుతుంది. సరిగ్గా ఈ సమయంలోనే వేటగాళ్లు చెట్టెక్కుతారు. ఎందుకంటే పిల్లగా పట్టినదే మాటలు బాగా నేర్చుకుంటుంది. చెయ్యి పట్టకపోతే తొర్రను గొడ్డలితో వెడల్పు చేస్తారు, లేదంటే చెట్టునే కొట్టేస్తారు. అంటే ఆ ఏడాది పిల్లలే కాదు.. వచ్చే ఏళ్ల గూడు కూడా పోయినట్టే.

దీనికి ప్రకృతి దెబ్బ తోడైంది. 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి ములుగు జిల్లా తాడ్వాయి-మేడారం అడవిలో వేలాది చెట్లు కూలిపోయాయి. మళ్లీ మొక్కలు నాటొచ్చు. కానీ తొర్ర పడేంత ముదురు చెట్టు కావాలంటే దశాబ్దాలు ఆగాల్సిందే.

చిలుకకు మాటలెందుకు వస్తాయి?

అడవిలో చిలుక మనిషిలా మాట్లాడదు. దానికి ఆ అవసరమే లేదు. చిలుకలు గుంపుగా బతికే పక్షులు, ఒకదాని కూత విని ఇంకోటి నేర్చుకుంటాయి. పంజరంలో పడ్డాక గుంపు ఉండదు. కాబట్టి ఆ ఇంటి మనుషులే దాని గుంపు. వాళ్ల కూతలనే అనుకరిస్తుంది. మనం ముద్దుగా వినే ఆ మాట వెనక తోడు కోసం వెతుకులాట ఉందన్నమాట.

మన పెద్దలకు ఈ సంగతి తెలియనిదేం కాదు. భద్రాచల రామదాసు గోల్కొండ కోటలో పన్నెండేళ్లు చెరలో ఎందుకున్నాడంటే.. పోయిన జన్మలో చిలుకను పంజరంలో పెట్టినందుకేనని కథగా చెప్పుకుంటాం కదా!

చట్టం ఏం చెబుతోంది?

దేశంలో 1972 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. 1990-91 నుంచి మన దేశపు అడవి పక్షుల వ్యాపారంపై నిషేధం నడుస్తోంది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు రామచిలుక, పెద్ద చిలుక రెండూ షెడ్యూల్-2లో ఉన్నాయి. నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. జోస్యం చెప్పేందుకు చిలుకను బోనులో పెట్టుకోవడం కూడా దీని కిందికే వస్తుంది. ఇక ఆంధ్రప్రదేశ్ అయితే 2018లో రామచిలుకనే రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. లవ్‌బర్డ్స్ పేరుతో షాపుల్లో అమ్మే బడ్జెరిగర్లు ఆస్ట్రేలియా జాతివి, వాటి సంగతి వేరు.

మరి రైతు నష్టం మాటేంటి?

ఇది నిజమైన బాధే. పాలు పట్టే దశలో ఉన్న మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, జొన్న, జామ, మామిడి.. దేన్నీ చిలుకలు వదలవు. తినేదానికంటే కొరికి పడేసేదే ఎక్కువ. మహబూబాబాద్ రైతులు పండించే మిరప కూడా వాటికి అడ్డు కాదు. మిరపలోని కారం మన నోటిని మండిస్తుంది కానీ పక్షులకు ఆ మంట తెలియదు.

అలాగని మందు పెట్టడం, వలేసి పట్టడం నేరం. వేరే దారులున్నాయి. చేను గట్ల వెంట నాలుగైదు వరుసల్లో మొక్కజొన్న కంకులను అదే మొక్క ఆకులతో చుట్టేస్తే చిలుక కంటికి కంకి కనబడదు. ఒకవైపు ఎరుపు, మరోవైపు వెండి రంగు ఉండే మెరుపు రిబ్బన్లను పంట పైన కడితే గాలికి మెరుస్తూ మోత చేస్తాయి. పక్షులు బెదిరి పక్కకు పోతాయి.

ఇంట్లో ఇప్పటికే చిలుక ఉంటే..

పంజరం తలుపు తీసి వదిలేయొద్దు. రెక్కలు కత్తిరించిన చిలుక, చేతి తిండికి అలవాటుపడిన చిలుక బయట బతకలేదు. పిల్లికో కాకికో దొరికిపోతుంది. దగ్గర్లోని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అప్పగించండి. ఎక్కడైనా అమ్ముతున్నట్టు కనిపిస్తే, జాలిపడి విడిపిద్దామని కూడా కొనొద్దు. మీరు ఒకటి కొంటే, వాళ్లు ఇంకో చెట్టెక్కుతారు. అధికారులకు సమాచారం ఇవ్వండి. పొలం గట్టు మీద తొర్ర ఉన్న పాత చెట్టో, మోడు తాటిచెట్టో ఉంటే.. దాన్ని అలాగే ఉండనివ్వండి. చిలుకకు మీరు చేసే పెద్ద సాయం అదే.