బంతి విసరుటకు ముందు

సాఫ్ట్‌బాల్ 1887లో అమెరికాలోని షికాగో నగరమున పుట్టిన ఆట. పరకాలలోని పాఠశాల మైదానమున ఆడినను, ఒలింపిక్ క్రీడాంగణమున ఆడినను దీని నియమమొకటే: బంతి విసరువారు చేతిని క్రిందినుండి త్రిప్పి విసరవలెను.

ఇట్లు విసరుటచే చేతికి హాని లేదని పలువురు తలంతురు. అది పొరపాటు. చేయి చక్రమువలె తిరుగునపుడు భుజముపై గొప్ప ఒత్తిడి పడును. ఎదుగు పిల్లల ఎముకల కొనలు ఇంకను గట్టిపడవు గనుక వారికి ముప్పు మఱింత హెచ్చు.

కావున ఆటకు ముందు మెల్లగా పరుగెత్తి దేహమును వేడిచేసికొనవలెను. పిదప భుజములను, నడుమును, కాళ్లను చక్కగా కదలించవలెను. తరువాత దగ్గఱనుండి మణికట్టుతో మాత్రమే బంతిని విసరి, క్రమముగా దూరమును, వేగమును పెంచవలెను. ఎండకాలమందును దీనిని మానరాదు. బయటి వేడి కండరములకు సన్నాహము కాజాలదు.

భుజము నొచ్చిననాడు ఆ మాట దాచక గురువునకు చెప్పవలెను. ఒక్క పోటీ పోయినచో మఱొకటి వచ్చును. చేయి చెడినచో ఆటయే పోవును.